గట్టిపడుతుందని ఎవరూ చెప్పలేదు

నా భార్య రొమ్ములో పెట్టిన వస్తువు కొన్నాళ్లకు రాయిలా గట్టిపడవచ్చని, గట్టిపడితే నొప్పి పెడుతుందని, ఆ నొప్పి పోవాలంటే మళ్లీ కోసి తీయవలసి రావచ్చని, పెట్టేముందు మాకు ఎవరూ చెప్పలేదు.

ఈ వాక్యం నేను రాయడం ఇది మొదటిసారి కాదు. ఆరేళ్లపాటు ఎన్నో ఉత్తరాలు దీనితోనే మొదలుపెట్టాను. ఆపరేషన్ చేసిన నర్సింగ్ హోముకు రాశాను, పత్రికలకు రాశాను, ఆరోగ్యశాఖకు రాశాను. ఒక్క అక్షరం మార్చకుండా ఇక్కడా పెడుతున్నాను. నా భార్య అనసూయ ఇప్పుడు కులాసాగానే ఉంది. నాకే ఇంకా కుదుటపడలేదు. ఇలాంటి ఆపరేషన్ చేయించుకోవాలనుకునే ఆడవాళ్లకు, వాళ్ల వెంట ఫైలు పట్టుకొని పోయే నాలాంటి మగవాళ్లకు పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది వరంగల్‌లో గిన్నెల దుకాణం. మా నాయన పెట్టింది. నేను చదివింది నాలుగో తరగతి, అదీ ఉర్దూలో. తెలుగు సొంతంగా నేర్చుకున్నాను. ఇంగ్లీషు నేర్పింది మాత్రం ఉత్తరాది నుంచి వచ్చే ఇత్తడి సామాను. ఒక్కో చెంబుకు ఒక్కో ఇంగ్లీషు పేపరు ముక్క చుట్టి పంపేవాళ్లు. ఆ ముక్కలను చేత్తో సాపు చేసి, దుకాణంలో బేరం లేని వేళ నిఘంటువు పక్కన పెట్టుకొని చదివేవాణ్ని. కాబట్టి నాకు తెలిసిన లోకజ్ఞానమంతా చిరుగుల జ్ఞానమే. కొన్ని వార్తలకు తల ఉండదు, కొన్నింటికి కాళ్లుండవు. అయినా బజారులో ఎవరికి అర్జీ కావాలన్నా నా దగ్గరికే వచ్చేవాళ్లు. వీధిదీపం వెలగకపోతే నేనే రాసేవాణ్ని, నల్లా రాకపోతే నేనే రాసేవాణ్ని. జవాబు రాకపోతే మళ్లీ రాసేవాణ్ని. నా నోరు ఊరుకోదు, చెయ్యి అంతకన్నా ఊరుకోదు.

డెబ్బై నాలుగులో వానాకాలం మొదట్లో అనసూయకు స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో గడ్డ చేతికి తగిలింది. ఆ సంగతి మూడు నెలలు ఎవరికీ చెప్పలేదు. ముప్ఫై తొమ్మిదేళ్ల మనిషి, ఇద్దరు పిల్లల తల్లి, సిగ్గుపడి చెప్పలేదు. చెప్పాక నేను తిట్టాను. తిట్టవలసిన సమయం కాదని తెలిసీ తిట్టాను. పెద్ద దవాఖానలో రొమ్ము మొత్తం తీసేశారు. ఆ తరువాత హైదరాబాద్ తీసుకెళ్లి, జబ్బు మళ్లీ రాకుండా కరెంటు, అదే రేడియేషన్, పెట్టించాం. ఆ చోటంతా పెనం మీద రొట్టె కమిలినట్టు కమిలింది. ఆ రోజుల గురించి ఎక్కువ రాయను. ఆడవాళ్ల వార్డులోకి మగవాళ్లను రానివ్వరు గనక నేను చూసింది తక్కువ. కటకటాల తలుపు బయట బల్ల మీద కూర్చొని, తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచి నిలబడేవాణ్ని. ఎన్నిసార్లు లేచానో, ఎన్నిసార్లు ఆ తలుపులోంచి వేరేవాళ్ల మనుషులు వచ్చారో.

లోపల ఆమెతో ఉన్నది మా అక్క నర్సమ్మ. చిన్నప్పుడే భర్త పోయి మా ఇంట్లోనే ఉండిపోయిన మనిషి. నోరు మిరపకాయ. దవాఖాన నుంచి ఇంటికి వచ్చిన రోజే అనసూయ వినేలా అన్నది:

"ఆడదానికి అదే లేకపాయె. ఇగ జాకెట్టు ఎటు తొడుగుతవే?"

నాకు ఒళ్లు మండింది. కానీ వారం తిరగకముందే సూది దారం పట్టుకొని కూర్చున్నదీ ఆవిడే. అనసూయ అప్పటిదాకా జాకెట్టులో దూది పెట్టుకునేది. అది తేలిక, చెయ్యెత్తితే మెడ దాకా పాకేది.

"దూదితోని అయితదానే పిచ్చిదానా, దానికి బరువు గావాలె" అని మా అక్క మెత్తని గుడ్డతో గుండ్రటి చిన్న సంచి కుట్టింది. దాని నిండా ఆవాలు పోసింది. అరచేతిలో ఎగరేసి చూసి, ఇంకో పిడికెడు పోసి మూతి కుట్టేసింది. "ఇగో, తోడుకు తోడు. దూకినా జారది."

ఆ ఆవాల సంచి మా ఇంట్లో నాలుగేళ్లు నడిచింది. ఎండాకాలం చెమటకు తడిసి వాసన వచ్చేది. అప్పుడు ఆవాలు పారబోసి, సంచి ఉతికి, కొత్తవి పోసేవాళ్లు. అనసూయ దాన్ని 'బిడ్డ' అనేది. "జర ఆగుండ్రి, బిడ్డను ఎత్తుకొని వస్త" అని లోపలికి వెళ్లి సర్దుకొని వచ్చేది. నవ్వుతూనే అనేది. నేను ఆ నవ్వును నమ్మాను.

డెబ్బై ఎనిమిదిలో నెక్కొండలో ఆమె అన్న కూతురి పెళ్లి. అక్షింతలు వేద్దామని అనసూయ పీటల మీదికి వంగింది. పాత సంచి, పిగిలిన కుట్టు. కొంగు కింద నుంచి ఆవాలు జలజలా రాలి పందిట్లో తలోదిక్కుకూ దొర్లిపోయాయి.

మొగపెళ్లివాళ్లలో ఒక ముసలాయన చూశాడు. "ఆవాలు! పెండ్లి పందిట్ల ఎవరో ఆవాలు చల్లిండ్రు!" అని కేకపెట్టాడు. ఇంకేముంది! మేళం ఆగిపోయింది. ఎవడో చేతబడి చేశాడన్నారు. పెళ్లికొడుకును పీటల మీద నుంచి లేపుతామన్నారు. పొద్దుటి నుంచి పందిరి ఊడుస్తున్న ఒక ముసలమ్మను పట్టుకొని "నువ్వేనానే? ఎవరు చెయ్యమన్నరు నిన్ను?" అని నలుగురు మీద పడ్డారు. ఆమె చీపురు వదిలేసి ఏడుస్తున్నది.

అనసూయ ఎడమ చేత్తో కొంగు ఛాతీకి అదిమిపట్టుకొని ముందుకు వచ్చింది.

"ఆమె గాదు. నావి. తాలింపుకని కొంగుల కట్టుకున్న, ముడి ఊడింది."

ఒక్క క్షణం అందరూ ఆమెను చూశారు. తరువాత నవ్వులు మొదలయ్యాయి. "పెండ్లికొచ్చినా పోపుడబ్బ ఇడువలే శేటమ్మ!" అని ఒకరు, "ఈడ పప్పు సప్పగుంటదని తెచ్చుకున్నదేమో" అని ఇంకొకరు. ముసలాయన ఒక్కడే నమ్మలేదు గాని, మేళం మళ్లీ అందుకుంది. అనసూయ కూడా వాళ్లతో కలిసి నవ్వింది. భోజనానికి మాత్రం కూర్చోలేదు.

తిరుగు రైల్లో కిటికీ వైపు ముఖం పెట్టుకొని ఎడమ చేయి దించకుండా కూర్చుంది. వరంగల్ స్టేషన్ వస్తుండగా అన్నది:

"ఇగో, అప్పుడెప్పుడో పేపర్ల చదివి చెప్పిండ్రు గద. రొమ్ము మళ్ల పెట్టే డాక్టరని. ఆయన యాడుంటడన్నరు?"

ఆ పేపరు నా దగ్గర దాచే ఉంది. ఒక పూజ చెంబుకు చుట్టి వచ్చిన ముక్క. రొమ్ము తీసేసిన ఆడవాళ్లకు లోపల సిలికాన్ అనే పదార్థం నింపిన మెత్తని తిత్తి పెట్టి, మునుపటి ఆకారం తెప్పిస్తున్నారని, హైదరాబాదులో కూడా ఒక డాక్టరు చేస్తున్నాడని అందులో ఉంది. 'చేయించుకున్న తరువాత ఏమి ఆశించాలి' అన్న చోట కాగితం చిరిగి ఉంది. కింది సగం ఏ చెంబును చుట్టుకొని ఏ దుకాణానికి పోయిందో. పై సగం మాత్రం నేను నాలుగుసార్లు చదివాను. నేనే కనిపెట్టినట్టు ఎందరికో చెప్పాను.

డెబ్బై తొమ్మిది మాఘంలో హైదరాబాద్ పోయాం. నర్సింగ్ హోములో రెండు బల్లలు, ఇరవై మంది మనుషులు. కాలిన ముఖాలు, చీలిన పెదవుల పసిపిల్లలు. మేము ఏం జబ్బుతో వచ్చామో ఎవరికీ కనపడదు గనక అందరూ మావైపు అదోలా చూశారు. ఒకామె అడగనే అడిగింది, "మీకేమైందమ్మా?" అని. అనసూయ నా వైపు చూసింది. నేను "చెయ్యి నొప్పి" అన్నాను. అనసూయ తల దించుకుంది. ఇప్పుడు తలుచుకుంటే ఆ అబద్ధం కూడా ఆమెను అడగకుండానే చెప్పాను.

డాక్టరు కోస్తా మనిషి. మంచి మాటకారి. మా ముందు బల్ల మీద ఆ తిత్తిని పెట్టాడు. గాజులాగా తెల్లగా, జున్నులాగా వణుకుతూ ఉంది. నాకు చేతులు ఊరుకుంటాయా? తీసుకున్నాను. దుకాణంలో గిన్నె చేతికిస్తే అంచు నొక్కి చూడటం, వేలితో కొట్టి చూడటం ముప్ఫై ఏళ్ల అలవాటు. నొక్కి చూశాను, తిప్పి చూశాను.

"ఇంత మెత్తగున్నదేంది సార్, నిలుస్తదా ఇది?"

"మెత్తగా ఉండాలనేగా అండీ చేసింది" అని నవ్వాడు.

"పగలది గద?"

"మామూలుగా వాడుకుంటే పగలదండీ."

తరువాత ఆయన చాలా చెప్పాడు. కుట్ల గురించి చెప్పాడు, పది రోజులు వెల్లకిలా పడుకోవాలన్నాడు, బిందె ఎత్తకూడదన్నాడు. పాత ఆపరేషన్ చోట చర్మం పలుచన, కరెంటు పెట్టిన ఒళ్లు, పని జాగ్రత్తగా చెయ్యాలన్నాడు. మధ్యలో నేను ఏదో అన్నాను, ఆయన గట్టిగా నవ్వాడు, నేనూ నవ్వాను. ఏమన్నానో చాలా ఏళ్లు నాకు గుర్తు రాలేదు. కాగితం నా ముందుకు జరిపాడు. భర్త సంతకం అన్న చోట ఇంగ్లీషులో సంతకం పెట్టాను. ఇంగ్లీషులో పెట్టినందుకు కొంచెం గర్వపడ్డాను కూడా.

అనసూయ స్టూలు మీద కూర్చొని పైన తిరిగే పంకా చూస్తూ ఉంది. ఆ గదిలో ఆమెను అడిగినవి రెండే మాటలు. వయసెంత, పిల్లలెందరు.

ఆపరేషన్ తరువాత నాలుగు రోజులు ఆమె ఛాతీ మీద బండ పెట్టినట్టుందన్నది. బిగించి కట్టిన గుడ్డ, పక్కన నెత్తురు దిగే గొట్టం. దగ్గితే ప్రాణం పోయేది, నవ్వితే ఇంకా పోయేది. చెయ్యి భుజం దాటి లేవలేదు. ఆ రోజుల్లో మమ్మల్ని చూసుకున్నది డాక్టర్లు కాదు, ఖాజాబీ అనే ఆయా. చేతిలో ఎప్పుడూ తడిగుడ్డ, నోట్లో ఎప్పుడూ పాన్.

"ఫికర్ చెయ్యకమ్మా. గోడ మీద బల్లి ఎట్ల పోతది? అట్ల వేళ్లతోని గోడ ఎక్కు. ఇయ్యాల ఈడిదాక. రేపు జర మీదికి" అని గోడ మీద బొగ్గుతో గీతలు గీసేది. ఇంకో వారానికి అనసూయ తల దువ్వుకుంది. ఖాజాబీ చప్పట్లు కొట్టి "బల్లి అటక ఎక్కింది!" అన్నది. గోడ పాడుచేసిందని ఆ గీతలకు ఆమె మాట పడ్డదట. మాకు తరువాత తెలిసింది.

నిజం చెప్పాలి. దాదాపు రెండేళ్లు చాలా బాగుంది. అనసూయ కొత్త జాకెట్లు కుట్టించుకుంది. ఒక ఆదివారం ఖిలా వరంగల్ పోయి, కూలిన రాతి కంబాల మధ్య తిరుగుతూ, కొంగు గాలికి ఎగిరినా పట్టించుకోకుండా నడిచింది. ఆమె అట్లా రెండు చేతులూ ఊపుకుంటూ నడవడం నేను ఐదేళ్ల తరువాత చూశాను. ఆవాల సంచి పెట్టె అడుక్కు పోయింది. నేను ఆ పేపరు ముక్కను అద్దం కట్టించి దుకాణంలో పెట్టాను. ఏం రాసుందో చదవగలిగినవాళ్లు తక్కువ గనక ఫరవాలేదనుకున్నాను.

ఎనభై చివర చలికాలంలో మొదటిసారి అన్నది, "ఎడమ దిక్కు చలికి బిగుసుకపోయినట్టున్నది" అని. ముట్టుకుంటే చల్లగా ఉండేదట. పొద్దున్నే చన్నీళ్ల చెంబు ఛాతీకి ఆనించినట్టు. ఎండాకాలం వచ్చింది గాని ఆ బిగువు పోలేదు. మరుసటి బతుకమ్మకు, ఆట అయిపోయాక మా అక్క సంబరంగా ఆమెను కావలించుకొని, ఉలిక్కిపడి వెనక్కి జరిగింది.

"ఏందే ఇది! లోపట గుండు పెట్టుకున్నవా? నా రొమ్ము అదిరింది గదనే!"

చుట్టూ ఉన్న ఆడవాళ్లు నవ్వారు. ఈసారి అనసూయ నవ్వలేదు.

ఆ తరువాత అది రోజురోజుకూ పైకి జరిగి, గుండ్రంగా ముడుచుకుపోయింది. రెండో వైపు వయసుతో పాటు కిందికి దిగుతుంటే ఇది పైకి ఎక్కుతున్నది. బోర్లా పడుకోలేదు. చంకలోకి నొప్పి పాకేది. పిండి పిసికితే నొప్పి, బస్సులో కుదుపుకు నొప్పి. అన్నిటికన్నా భయం, పాత జబ్బే మళ్లీ వచ్చిందేమోనని. గడ్డ అంటేనే మాకు యముడు. ఇప్పుడు రొమ్ము మొత్తం గడ్డ అయి కూర్చుంటే ఏమనుకోవాలి? పిల్లలకు చెప్పవద్దన్నది. నాకు తిండి సహించలేదు.

ఎనభై రెండులో మళ్లీ హైదరాబాద్ పోయాం. మొదటి డాక్టరు అక్కడ లేడు. ఉద్యోగం మాని ఎక్కడికో పోయాడన్నారు. ఆయన స్థానంలో ఒక కుర్ర డాక్టరు. చూసి, "ఓ, హార్డ్ అయింది. ఇది మామూలే" అన్నాడు.

మామూలే! నాకు నెత్తి మీద పిడుగు పడినట్టయింది. మామూలైతే ముందే ఎందుకు చెప్పలేదు?

"ముందు డాక్టరు చెప్పే ఉంటాడండి."

"చెప్పలే. నేను ఈడనే కూసున్న. నాకు చెవులున్నయి."

"పక్కకు జరగండి, ఒక్క నిమిషం పని" అని తెర లాగాడు. మందు లేదు, మత్తు లేదు. రెండు చేతులతో పట్టుకొని, నిమ్మకాయ పిండినట్టు బలంగా పిండాడు. తెర ఇవతల నాకు గుడ్డ చినిగినట్టు చప్పుడు వినిపించింది. తరువాత అనసూయ ఒకే ఒక్క మాట, "అవ్వా!" అన్నది. తెర తీసేసరికి చీర కొంగు నోట్లో కుక్కుకొని ఉంది. ఖాజాబీ ఆమె తల తన కడుపుకు ఆనించుకొని నిలబడి, ఆ డాక్టరు వైపు నేను చూడవలసిన చూపు చూస్తున్నది.

మెత్తబడింది. రెండు నెలలు. ఆ తరువాత మునుపటికన్నా గట్టిపడింది. మళ్లీ పిండించుకోవడానికి పోదామని నేను అంటే అనసూయ పెరట్లోకి వెళ్లి తలుపు వేసుకుంది. "మీరు పోయి పిండిచ్చుకోండ్రి" అన్నది తలుపు వెనక నుంచి.

అప్పుడే నేను ఉత్తరాలు మొదలుపెట్టాను. పైన మొదట రాసిన వాక్యం ఆ రోజు పుట్టిందే. నర్సింగ్ హోము నుంచి ఒకసారి వచ్చిన జవాబు ఇది: 'భర్త సంతకం మా ఫైలులో ఉన్నది.' అంతే. నేను రాసింది మూడు పేజీలు, వాళ్లది ఒక వరుస. ఆ వరుస చదివినప్పుడల్లా నాకు రక్తం పొంగేది. దుకాణానికి వచ్చినవాళ్లకు చదివి వినిపించేవాణ్ని. మా ఇంటి ఆడమనిషి రొమ్ము సంగతి బజారంతా తెలిసింది. అనసూయ ఒకసారి అన్నది, "నా రొమ్ము మీ అర్జీ అయిపోయింది." నేను దాన్ని మెచ్చుకోలుగా తీసుకున్నానంటే నా తెలివి ఎంతటిదో చూడండి.

ఎనభై నాలుగులో హన్మకొండలో ఒక డాక్టరమ్మ సంగతి తెలిసి అక్కడికి పోయాం. నేను ఫైలు తెరిచి మొదటి నుంచి చెప్పబోయాను. ఆమె నన్ను ఆపింది.

"పేషెంటు ఎవరు? మీరా?"

"కాదు, నా భార్య."

"అయితే మీరు బయట కూసోండి."

నాకు ఎంత కోపం వచ్చిందో! ఆరు నెలలు తయారుచేసిన ఫైలు. బయట బల్ల మీద కూర్చొని ఎదురుగా గోడ మీద కుటుంబ నియంత్రణ బొమ్మ కింద రాసింది తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో చదివాను. మళ్లీ చదివాను. లోపల నుంచి మాటలు, మధ్యలో అనసూయ గొంతు. ఆమె అంత సేపు మాట్లాడటం దవాఖానల్లో నేను ఎన్నడూ వినలేదు. ఒకసారి నవ్వు కూడా వినిపించింది. బయటికి వచ్చాక "ఏమన్నది? ఏమన్నది?" అని వెంటపడ్డాను.

"నాతోని అన్నది" అన్నది. ఇంటికి చేరాక గాని మిగతాది చెప్పలేదు. అది పాత జబ్బు కాదట. తిత్తి గట్టిపడదట. దాని చుట్టూ మన ఒళ్లు ఒక పొర కడుతుందట. అది అందరికీ కడుతుందట. కొందరికి ఆ పొర ముడుచుకుపోయి తిత్తిని పిడికిట్లో బిగించినట్టు బిగిస్తుందట. కరెంటు పెట్టిన ఒంటికి ఆ భయం ఎక్కువట. తీసేయవచ్చు, కొత్తది పెట్టవచ్చు, పెట్టినా మళ్లీ బిగుసుకోదని చెప్పలేనన్నదట. ఏం చేద్దామో వారం ఆలోచించుకొని రమ్మన్నదట.

"మరి ఏం జేద్దాం?" అన్నాను.

"తీపిస్త. మళ్ల పెట్టిచ్చుకోను. చెప్పి వచ్చిన."

అప్పటికే చెప్పి వచ్చింది! వారం కూడా తీసుకోలేదు.

తీశాక డాక్టరమ్మ దాన్ని ఒక సీసాలో వేసి అనసూయ చేతికిచ్చింది. ఇంటికి వచ్చి నేను మూత తీసి నొక్కి చూశాను. మొదటి రోజు బల్ల మీద ఎట్లా ఉందో అట్లాగే ఉంది, జున్నులాగా. బొట్టు కారలేదు. నా మొదటి వాక్యంలో వస్తువే గట్టిపడుతుందన్నది తప్పని అప్పుడే తేలింది. అయినా ఆ తరువాత ఉత్తరాల్లో కూడా దాన్ని దిద్దలేదు.

మా అక్కకు అప్పటికి చూపు మందగించింది. సూదిలో దారం అనసూయే ఎక్కించి ఇచ్చింది. ఆవిడ తడుముకుంటూ కొత్త సంచికి రెండు వరుసల కుట్టు వేసింది. "ఈసారి పెండ్లిల రాలయి. రాలినా నేనే చల్లిన అని చెప్పు. ముండమోపిని, నన్నెవరు ఏమంటరు?" అన్నది. ఆ చలికాలమే ఆవిడ చనిపోయింది.

ఇప్పుడు ఇలాంటి ఆపరేషన్‌కు పోయేవాళ్లకు నాలుగు మాటలు. ఏళ్ల తరబడి ఏమీ కాక హాయిగా ఉన్నవాళ్లు కూడా ఉన్నారని డాక్టరమ్మ చెప్పింది గనక వద్దనను. కానీ అది చచ్చేదాకా ఉండే వస్తువు అనుకొని పోవద్దు. గట్టిపడుతుందా అని అడగండి. గట్టిపడితే ఏం చేస్తారని అడగండి. పిండుతామంటే లేచి రండి. మళ్లీ తీయవలసి వస్తే ఎట్లా ఉంటుందో అడగండి. చెయ్యి ఎన్నాళ్లకు లేస్తుందో ఆయాను అడగండి, వాళ్లకే బాగా తెలుసు. మగవాడు వెంట పోతే బయట కూర్చోవాలి. లోపల కూర్చుంటే నోరు మూసుకోవాలి. ఈ చివరి మాట నేను ఎందుకు రాస్తున్నానో చెప్పి ముగిస్తాను.

మొదటి డాక్టరు ఎక్కడున్నాడో నేను రాసిన పెద్దలెవరూ చెప్పలేదు. చెప్పింది ఖాజాబీ. ఎనభై ఎనిమిదిలో దుకాణం పని మీద హైదరాబాద్ పోయినప్పుడు, ఆ నర్సింగ్ హోము వీధిలోనే ఎదురుపడి, "అమ్మ బాగున్నదా? బల్లి ఎక్కుతున్నదా గోడ?" అని అడిగింది. సంగతంతా విని, ఆయన ఇప్పుడు కోస్తాలో ఏ ఊళ్లో ఉన్నాడో చెప్పింది. ఇంటికి రాగానే ఆరు పేజీలు రాశాను. అదే మొదటి వాక్యం. చివర 'ఒక్క ముక్క చెప్పి ఉంటే ఆమెకు ఆ నాలుగేళ్ల నరకం ఉండేది కాదు, జవాబు ఇవ్వండి' అని రాసి కింద గీత గీశాను.

నెల తిరగకముందే జవాబు వచ్చింది. దుకాణంలో ఒకసారి, ఇంటికి నడుస్తూ ఒకసారి చదివాను. ఇంటికి వచ్చి అనసూయకు చదవబోయి సగంలో ఆగాను. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతున్నది. తలెత్తకుండానే అన్నది:

"చదువుండ్రి. ఈసారన్న కింది సగం దాక చదువుండ్రి."

చదివాను. ఆమె చేట దులుపుకొని లోపలికి పోయింది. ఈ ఉత్తరానికి నేను ఇంతవరకు జవాబు రాయలేదు. నా జన్మలో నేను జవాబు రాయని ఉత్తరం ఇదొక్కటే. కింది సగం చింపకుండా ఇక్కడ పెడుతున్నాను.

'అయ్యా, మీ ఉత్తరం అందింది. మీ శ్రీమతిగారు పడిన బాధకు నిజంగా విచారిస్తున్నాను. మీరు నాకు బాగా గుర్తున్నారు. గిన్నెల వ్యాపారం కదా. ఎందుకు గుర్తున్నారో చెబుతాను. కొందరికి లోపల పొర కట్టి గట్టిపడుతుందండీ అని నేను ఆ రోజు చెప్పాను. మీరు తిత్తిని చేతిలో నొక్కి చూస్తూ, "గట్టిపడితే మంచిదే గద సార్, గట్టి సరుకే నాలుగు కాలాలు నిలుస్తది" అన్నారు. నేను పెద్దగా నవ్వాను. తెలిసే చమత్కారంగా అన్నారనుకున్నాను. ఆ మాట ఎన్నో ఏళ్లు మిత్రులకు చెప్పి నవ్వించాను. మీ ఉత్తరం చదివాక ఇక చెప్పను. కాబట్టి నేను చెప్పలేదనడం సరికాదు, చెప్పాను. కానీ మీకు చెప్పాను. ఆవిడ పక్కనే స్టూలు మీద కూర్చుని ఉన్నారు. ఆవిడ వైపు తిరిగి ఆ ఒక్క ముక్క చెప్పకపోవడం నా తప్పు, ఒప్పుకుంటున్నాను. ఇంటికి వెళ్లాక మీరు ఆవిడకు చెబుతారనుకున్నాను. చెప్పారా?'